పాట మధ్యలో ‘ఠప్’ అనని ల్యాప్‌టాప్ ఏది?

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం... ఆంధ్రను ఆనుకుని ఉన్న ఈ ఒడిశా ఊళ్లలో తెలుగువాళ్ల పాట ఇప్పుడు ఇంట్లో ఒక గదిలోనే తయారైపోతోంది. ఒకప్పుడు ఒక్క ట్రాక్ చేయించుకోవాలన్నా రైలెక్కి విశాఖ వెళ్లి, స్టూడియోలో గంటల లెక్కన డబ్బు కట్టి, సాయంత్రానికి బండి దొరక్క స్టేషన్లో పడుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, మైక్‌ని దానికి కలిపే ఒక సౌండ్ కార్డ్, ఒక మైక్, తలుపు సందుల్లో కుక్కడానికి పాత దుప్పటి ఉంటే చాలు, జానపదమైనా చర్చి పాటైనా ఊరేగింపు బీటైనా అక్కడే అయిపోతుంది. ఇంతవరకు బాగానే ఉంది. ల్యాప్‌టాప్ కొనడానికి షాపుకి వెళ్లగానే మాత్రం అందరూ అడిగేది ఒకటే, ప్రాసెసర్ ‘ఐ5 తీసుకోమంటారా, ఐ7 తీసుకోమంటారా’ అని. సంగీతం చేసేవాళ్లకి ఇంతకన్నా పనికిరాని ప్రశ్న వెతికినా దొరకదు.

ఎందుకంటే, ఆఫీసు పనికో వీడియో ఎడిటింగ్‌కో కొన్న ల్యాప్‌టాప్ కాస్త నిదానంగా నడిస్తే కొంప మునిగేది ఏమీ లేదు. పది నిమిషాల్లో అయ్యే పని పదిహేను నిమిషాలకి అవుతుంది, ఈలోగా టీ తాగి రావచ్చు. పాటకి ఆ వెసులుబాటు లేదు. సెకను శబ్దాన్ని 48,000 ముక్కలుగా (శాంపిళ్లుగా) కొలుస్తూ, ఒక్కో విడతకి అందించే ముక్కల లెక్క, అంటే బఫర్, 128 దగ్గర పెట్టుకున్నారనుకుందాం, అప్పుడు కంప్యూటర్‌కి ప్రతి 2.7 మిల్లీసెకన్లకి ఒక గడువు ఉంటుంది. ఆ గడువులోగా ట్రాకులన్నీ, వాటి మీద పెట్టిన ఈక్యూలు, కంప్రెసర్లు, రివర్బులు లాంటి శబ్దాన్ని దిద్దే ప్లగిన్లు, వెనక ముందే రికార్డ్ చేసిన స్వరాలతో మోగుతున్న శాంపిల్ వీణ, తబలా, అన్నీ లెక్కగట్టి కలిపి సౌండ్ కార్డ్ చేతికి అందించాలి. అందించిన వెంటనే మళ్లీ ఇంకో 2.7. సెకనుకి 375 సార్లు ఇదే పని. అందులో ఒక్కసారి ఆలస్యమైందా, స్పీకర్లో ‘ఠప్’. బంతి భోజనాల్లో వంటవాడు ఎంత గొప్పవాడైనా కావచ్చు, విస్తట్లో అన్నం అయిపోయే వేళకి వడ్డించేవాడు రాకపోతే ఆ వంట గొప్పతనం ఎవరికి కావాలి?

అందుకే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ ముప్పై శాతమే చూపిస్తున్నా పాట చిటపటలాడుతోందని చాలామంది తల పట్టుకుంటారు. ఆ ముప్పై శాతం చిప్‌లో పని చేసే భాగాలన్నిటి మీదా, అంటే అన్ని కోర్ల మీదా, కొంత సేపటి మీదా తీసిన సగటు. 374 సార్లు టైముకి అందించి ఒక్కసారి తప్పినా సగటు అలాగే కనబడుతుంది, చెవికి మాత్రం ఆ తప్పిన ఒక్కటే వినబడుతుంది. పైగా ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటి నడవాల్సిందే, ఈక్యూ పని పూర్తికాందే కంప్రెసర్‌కి మేత ఉండదు, కాబట్టి ఆ వరసంతా మామూలుగా ఒకే కోర్ నెత్తిన పడుతుంది. చివర్లో ట్రాకులన్నీ కలిసే మాస్టర్ మీద నాలుగైదు బరువైన ప్లగిన్లు వేస్తే అదీ అంతే. ఎనిమిది కోర్ల చిప్ అయితే మిగతా ఏడూ ఖాళీగా కూర్చున్నా సాయం రావు. ఇంతకీ తేలేది ఏమిటంటే, సంగీతానికి బక్క కోర్లు పది ఉండేకన్నా గట్టి కోర్లు నాలుగు ఉండటం మేలు, ఆ నాలుగూ పాట మొదలైనప్పుడు ఎంత జోరుగా ఉన్నాయో అరగంట తర్వాత కూడా అంతే జోరుగా ఉండాలి.

గడువు పెంచుకోవచ్చు కదా అంటే, పెంచుకోవచ్చు. బఫర్ 1024 చేస్తే 21 మిల్లీసెకన్లు దొరుకుతాయి, పాత ల్యాప్‌టాప్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. అయితే ఆ ఆలస్యం వాయించేవాడి చెవికి తగులుతుంది. సౌండ్ లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, పైన సౌండ్ కార్డ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, కలిపేది కొంత, అన్నీ కలిస్తే యాభై మిల్లీసెకన్ల దాకా వెళ్లిపోతుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి కొంచెం అటూ ఇటూగా అడుగు దూరం పోతుంది కాబట్టి పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే పదకొండు అడుగుల అవతల మోగే డోలు విన్నట్టు, దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. యాభై అంటే యాభై ఆరడుగుల అవతల ఉన్న డోలుకి తగ్గట్టు సన్నాయి ఊదమన్నట్టు. ఊరేగింపులో సన్నాయి ముందుకెళ్లిపోయి, డోలు జనంలో ఇరుక్కుని వెనకబడితే తాళం ఎలా చెదురుతుందో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే డబ్బు మిగిలే సంగతి ఒకటి ఉంది, షాపువాళ్లు చెప్పరు. తక్కువ బఫర్ అందరికీ అవసరం లేదు. సౌండ్ కార్డ్ మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక బటనో నాబో ఉంటుంది. అది వేస్తే పాడేవాళ్ల గొంతు కంప్యూటర్లోకి వెళ్లి తిరిగి రాకుండా మైక్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తుంది, ఆలస్యం అన్నదే ఉండదు. కాబట్టి రెడీగా ఉన్న ట్రాక్ మీద గొంతు తీసుకుని, శుభ్రం చేసి, మిక్స్ చేసి పంపేవాళ్లకి, అంటే ఈ ఊళ్లలో పాటలు చేసేవాళ్లలో చాలామందికి, బఫర్ 512 పెట్టుకున్నా ఏ ఢోకా లేదు, ఖరీదైన ల్యాప్‌టాప్ అవసరం అసలే లేదు. అవసరం ఉన్నది కీబోర్డ్ మీదో ప్యాడ్ మీదో వేలు పెట్టి కంప్యూటర్ లోపలి వాయిద్యాన్ని అప్పటికప్పుడు మోగించేవాళ్లకి. తనది ఏ పనో తేల్చుకోకుండా లక్ష రూపాయలు తీసుకెళ్లి బల్ల మీద పెట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

మరి తప్పెటగుళ్ల దళాన్నో జముకుల కథ చెప్పేవాళ్లనో కూర్చోబెట్టి ఒకేసారి రికార్డ్ చేయాలంటే? దానికి గొప్ప ల్యాప్‌టాప్ కావాలని అనుకుంటారు, నిజానికి అది ల్యాప్‌టాప్‌కి పడే పనుల్లో తేలికైనది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. ఎనిమిది మైకులు పెట్టినా నిమిషానికి 69 ఎంబీ, గంటకి నాలుగు జీబీ పైచిలుకు, సెకనుకి లెక్కేస్తే 1.2 ఎంబీ కూడా కాదు, పాత హార్డ్ డిస్క్ కూడా నవ్వుతూ రాసేస్తుంది. అక్కడ డబ్బు పెట్టాల్సింది ఎనిమిది ఇన్‌పుట్లున్న సౌండ్ కార్డ్ మీద, మైకుల మీద. గుండెలకి రేకు తప్పెట కట్టుకుని గెంతుతూ వాయించేవాళ్లు చెవిలో తాళం కొట్టే క్లిక్ ట్రాక్‌కి లొంగరు, పాట ఊపందుకునేకొద్దీ తాళం పరుగెడుతుంది, ఆ పరుగే ఆ పాటకి అందం. జముకు తీగ మీద పలికే ఆ ‘బుడుక్’ అనే జారుడు కూడా కీబోర్డ్‌లో నొక్కితే రాదు, మనిషిని కూర్చోబెట్టి తీసుకోవాల్సిందే. ఏ ల్యాప్‌టాప్ కొన్నా ఈ పని తగ్గదు.

సరే, లోపలి వాయిద్యాలతోనే పని అనుకుని ప్రాసెసర్ దగ్గరికి వద్దాం. స్టిక్కర్ మీద ఐ5, ఐ7 అన్న మాట కన్నా ఆ నంబర్ చివర ఉండే అక్షరం ఎక్కువ నిజం చెబుతుంది. ఇంటెల్ పన్నెండో తరంలో ఐ7-1255యూ అని ఒకటుంది, పది కోర్లు, వినడానికి ఘనంగా ఉంటుంది, కానీ అందులో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. అదే తరంలో ఐ5-12450హెచ్‌కి మొత్తం ఎనిమిదే కోర్లు, వాటిలో పెద్దవి నాలుగు. కంపెనీ చెప్పే లెక్కలోనే మొదటిది 15 వాట్ల చిప్, రెండోది 45 వాట్లది. పేరులో చిన్నదైన ఐ5 ఇక్కడ పాట పనిలో ఐ7ని కూర్చోబెట్టేస్తుంది. యూ అంటే బ్యాటరీ మిగిల్చే చిప్, హెచ్ అంటే కరెంట్ తాగి పని చేసే చిప్ అని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం తీరుతుంది. ఇంటెల్ ఇప్పుడు ఆ ‘ఐ’ని తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అంటోంది గానీ చివరి అక్షరం చూసే అలవాటు ఇప్పటికీ పనికొస్తుంది.

ఏఎండీ దగ్గర మోసపోయేది ఇంకో చోట. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. పక్కపక్కనే పెడితే పది నంబర్ల తేడా, ధరలోనూ పెద్ద తేడా లేనట్టే కనిపిస్తుంది, కొనేవాళ్లు తక్కువ ధరది పట్టుకొచ్చేస్తారు. మొదటిది పాత జెన్ 2 డిజైన్ మీద చేసిన నాలుగు కోర్ల చిప్, రెండోది జెన్ 3 మీద చేసిన ఆరు కోర్ల చిప్. ఈ 7000 వరసలో మూడో అంకె చూడాలి, అదే లోపలున్న అసలు తరం, 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4. మొదటి అంకె అమ్మడానికి, మూడో అంకె కొనడానికి అనుకోవాలి.

హెచ్ చిప్ కావాలనుకుంటే తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా గేమింగ్ ల్యాప్‌టాప్‌లే. వాటితో లాభం లేకపోలేదు. ర్యామ్ పెంచుకోవడానికి సాధారణంగా రెండు స్లాట్లుంటాయి, రెండో ఎస్ఎస్డీకి చోటు ఉంటుంది, వేడిని బయటికి తోసే ఏర్పాటు గట్టిగా ఉంటుంది. నష్టం కూడా అక్కడే, ఆ ఏర్పాటు ఫ్యాన్ రూపంలో గదంతా వినబడుతుంది. ఉన్న ఒక్క గదిలోనే గొంతు రికార్డ్ చేయాలి, సీలింగ్ ఫ్యాన్ ఎలాగూ ఆపేశారు, రేకుల ఇల్లయితే వాన తగ్గేదాకా ఆగారు, తీరా కండెన్సర్ మైక్‌లో ల్యాప్‌టాప్ ఫ్యాన్ బుస్సుమంటుంది. దీనికి మందు ఉంది. కార్డియాయిడ్ మైక్ వెనక వైపు చెవిటిది కాబట్టి ల్యాప్‌టాప్‌ని మైక్ వీపు వైపున, వీలైనంత దూరంగా పెట్టాలి, సౌండ్ కార్డ్‌కి మూడు మీటర్ల కేబుల్ ఉంటే పక్క గదిలోనే పెట్టేయొచ్చు. గేమ్‌ల కోసం అందులో పెట్టే గ్రాఫిక్స్ కార్డ్ మాత్రం సంగీతానికి దాదాపు దండగే, బరువు, వేడి, బ్యాటరీ ఖర్చు, పైగా కొన్నిసార్లు దాని డ్రైవరే ‘ఠప్’కి కారణమవుతుంది.

వేడి అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. యాపిల్ తన ల్యాప్‌టాప్‌లని 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మే నెల మధ్యాహ్నం రాయగడలోనో గుణుపురంలోనో తలుపులు బిగించిన గదిలో 35 దాటడానికి ఎంతసేపు? చిప్ కాగిపోతే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటిదాకా గడువుకి అందించినవాడు చేతులెత్తేస్తాడు. షాపు ఏసీలో అయిదు నిమిషాలు ఆడించి చూసిన ల్యాప్‌టాప్ వేరు, ఇంట్లో రెండు గంటలు నడిచిన ల్యాప్‌టాప్ వేరు. అడుగున గాలి తీసుకునే సందుల్ని మంచం మీది దుప్పటితో మూసేయకపోవడం, కింద రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తడం, ఏడాదికోసారి విప్పించి దుమ్ము ఊదించడం, వీటికి పెద్ద ఖర్చు లేదు.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. విండోస్ తన వాటా తను తీసుకున్నాక 8 జీబీలో మిగిలేది గొంతు పనికి సరిపోతుంది, శాంపిల్ వాయిద్యాలు నాలుగు తెరిచేసరికి అయిపోతుంది. 16 ఉంటే హాయి, పెద్ద ఆర్కెస్ట్రా శాంపిళ్లు పెట్టేవాళ్లకి 32. అడగాల్సింది ఎంత ఉందని మాత్రమే కాదు, బోర్డుకి అతికించేశారా, స్లాట్ ఉందా అని. అతికించిన 8 జీబీ ల్యాప్‌టాప్ జీవితాంతం 8 జీబీయే. డిస్క్ మాత్రం ఎస్ఎస్డీ తప్పనిసరి, 512 జీబీకి తగ్గకుండా. శాంపిల్ వాయిద్యాలు ఒక్కో స్వరం మొదటి ముక్కని ర్యామ్‌లో ఉంచుకుని మిగతాది డిస్క్ నుంచి అప్పటికప్పుడు లాక్కుంటాయి, హార్డ్ డిస్క్ అయితే ఆ లాగడంలోనే గడువు తప్పుతుంది. చవక ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్డీ బదులు 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్ అని ఉంటే దాని దరిదాపులకి పోవద్దు. స్క్రీన్ 1920 బై 1080 ఉంటే చాలు. లోపలి స్పీకర్లు ఎంత పెద్ద కంపెనీ పేరు వేసుకున్నా మిక్సింగ్‌కి పనికిరావు.

ఇక కరెంట్. ఈ జిల్లాల్లో పాట చేసేవాళ్లకి డెస్క్‌టాప్ కన్నా ల్యాప్‌టాప్ ఎందుకు మేలో చెప్పే సంగతి ఇదే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి గజపతి జిల్లాని, ఇవతల శ్రీకాకుళాన్ని కుదిపేసింది, స్తంభాలు పడిపోయి ఊళ్లకి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. తుఫాను లేనప్పుడు కూడా ఒక వానకి లైన్ పోవడం మామూలే. మంచి టేక్ వస్తున్నప్పుడే కరెంట్ పోతుందన్నది పాడేవాళ్ల నమ్మకం. ల్యాప్‌టాప్ అయితే టేక్ ఆగదు, బ్యాటరీయే యూపీఎస్. అడాప్టర్లు మామూలుగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కాబట్టి పెళ్లి స్టేజీ మీద జనరేటర్ వోల్టేజ్ ఊగినా కొంతవరకు కాచుకుంటాయి. ఒక్క మెలిక ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లు చార్జర్ తీయగానే చిప్ వేగం తగ్గించేస్తాయి, గేమింగ్‌వి మరీను. చార్జర్ ఉన్నప్పుడు చక్కగా పాడిన ప్రాజెక్ట్ బ్యాటరీ మీద చిటపటలాడుతుంది. పవర్ సెట్టింగ్‌ని బెస్ట్ పర్ఫార్మెన్స్‌లో పెట్టి, చార్జర్ పీకేసి, అదే పాటని మొత్తం ఒకసారి వినాలి. కంపెనీ చెప్పే ‘పది గంటల బ్యాటరీ’ వీడియో చూడటానికి, పాట పనికి అందులో సగం వచ్చినా సంతోషించాలి.

కరెంట్‌తో ఇంకో తలనొప్పి హమ్మింగ్. హెడ్‌ఫోన్‌లో సన్నగా ‘గుయ్’ మని మోగుతుంది, ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి వేస్తే చిమచిమలాడుతుంది. చాలామంది సౌండ్ కార్డ్ పాడైందని మార్చేస్తారు, మార్చినా పోదు, ఎందుకంటే తప్పు గోడలో ఉంది. అడాప్టర్ లోపల రొద ఆపడానికి పెట్టే చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంట్ బాడీకి చేరుతుంది. ఎర్తింగ్ సరిగా ఉంటే అది నేలలోకి పోతుంది. పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నా ఎర్త్ వైరు ఎక్కడికీ వెళ్లదు, అప్పుడు ఆ కరెంట్ మైక్ కేబుల్, స్పీకర్ కేబుల్ దారి వెతుక్కుంటుంది. అనుమానం తీర్చుకోవడం తేలిక. చార్జర్ పీకాలి, హమ్మింగ్ పోయిందా, ల్యాప్‌టాప్ మంచిదే, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. అందాకా గొంతు తీసుకునేటప్పుడు బ్యాటరీ మీద నడపడమే మార్గం, అంటే గంటన్నరైనా నిలబడే బ్యాటరీ ఉండాలన్నది ఇక్కడ విలాసం కాదు. స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడితే చాలావరకు తగ్గుతుంది. హమ్మింగ్ పోతుందని కొందరు ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచేస్తారు, అది మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే పని. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంట్ పోయిన మరుక్షణం స్పీకర్లలో కొత్త రొద మొదలవుతుంది, అది కూడా ల్యాప్‌టాప్ పాపం కాదు, సైన్ వేవ్‌ది పెట్టుకుంటే తగ్గుతుంది.

అన్నీ బాగున్నా ‘ఠప్’ వస్తుంటే విండోస్ వైపు చూడాలి. సౌండ్ కార్డ్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ డ్రైవర్ వేశారా లేదా అన్నది మొదటిది. ఈ ఏఎస్ఐఓ స్టైన్‌బర్గ్ వాళ్లు 1997లో తెచ్చినది, విండోస్ మామూలు సౌండ్ దారిని తప్పించి నేరుగా కార్డ్‌తో మాట్లాడుతుంది. రెండోది, ల్యాప్‌టాప్‌లోని వేరే డ్రైవర్ ఏదైనా, ఎక్కువసార్లు వైఫైదో బ్యాటరీ చూసుకునేదో, చిప్‌ని కాసేపు ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుంటుంది, ఆ కాసేపట్లో మన 2.7 మిల్లీసెకన్లు దాటిపోతాయి. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, ఏ డ్రైవర్ పట్టుకుంటోందో పేరుతో సహా చూపిస్తుంది. ఒకే చిప్, ఒకే ర్యామ్ ఉన్న రెండు మోడళ్లలో ఒకటి నున్నగా నడిచి ఇంకోటి సతాయించడానికి చాలాసార్లు కారణం ఇదే, స్పెసిఫికేషన్ కాగితంలో ఇది ఎక్కడా ఉండదు. రికార్డింగ్ అప్పుడు వైఫై ఆపేయడం చాలా ఇళ్లలో సగం రోగాన్ని తగ్గిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ విండోస్ ఎస్ మోడ్‌లో వస్తే స్టోర్‌లో ఉన్నవి తప్ప వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కదు, అందులోంచి ఉచితంగానే బయటికి రావచ్చు, వచ్చాక వెనక్కి వెళ్లడం కుదరదు, వెళ్లాల్సిన పని కూడా లేదు. చిన్న సంగతి ఇంకొకటి, మొదటిసారి ఆన్ చేసినప్పుడు యూజర్ పేరు తెలుగులోనో ఒడియాలోనో పెట్టొద్దు, కొన్ని పాత ప్లగిన్లు ఆ ఫోల్డర్ పేరు చదవలేక మొరాయిస్తాయి. పాటల పేర్లు ఎలాగైనా పెట్టుకోండి.

స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీలో బాగుంటాయి, చల్లగా ఉంటాయి, కానీ వాడే ప్రతి ప్లగిన్‌కీ, మరీ ముఖ్యంగా సౌండ్ కార్డ్‌కీ ఆ చిప్‌కి తగ్గ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోకుండా కొనకూడదు. ఆ చూసుకునే ఓపిక లేనివాళ్లు ఇంటెల్, ఏఎండీల దగ్గరే ఆగడం మంచిది.

మరి మ్యాక్‌బుక్? ఒప్పుకోవాల్సిందే, ఈ గడువు ఆటలో 2020 చివర్లో యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చినప్పటి నుంచి దానిది పైచేయి. మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఫ్యాన్ లేదు కాబట్టి మైక్ పక్కనే పెట్టుకోవచ్చు, చార్జర్ తీసినా వేగం తగ్గదు, డ్రైవర్ల గోల తక్కువ, పాటలు చేసే సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. 2024 అక్టోబర్ తర్వాత కొత్త ఎయిర్‌లలో 16 జీబీకి తక్కువ రావడం లేదు, పాత ఎం1ని సెకండ్ హ్యాండ్‌లో కొంటే మాత్రం 8 జీబీదో 16దో చూసి కొనాలి. అయినా అందరూ అదే కొనాలని చెప్పడం కుదరదు. ర్యామ్, స్టోరేజ్ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే పెంచుకుంటే యాపిల్ అడిగే ధరకి ఇంకో మంచి మైక్ వచ్చేస్తుంది. పాడైతే ఊళ్లో రిపేరు చేసే అబ్బాయి విప్పడానికే భయపడతాడు. ఇంకా పెద్ద సంగతి, చుట్టుపక్కల అందరూ ఎఫ్‌ఎల్ స్టూడియో అనే పాటల సాఫ్ట్‌వేర్ మీద విండోస్‌లో చేస్తుంటే ప్రాజెక్టులు ఇచ్చిపుచ్చుకోవడంలో ఒకరే మ్యాక్ మీద ఉంటే ప్రతిసారీ ఏదో ఒక ప్లగిన్ లేదంటుంది. ఒంటరిగా పని చేసే గాయకుడికి సరే, నలుగురితో కలిసి ట్రాకులు చేసేవాడు ఆ నలుగురూ ఏం వాడుతున్నారో కనుక్కుని కొనాలి.

డబ్బు తక్కువున్నవాళ్లకి సెకండ్ హ్యాండ్ మంచి దారే. ఆఫీసుల నుంచి వచ్చే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి విప్పడానికి వీలుగా ఉంటాయి, విడిభాగాలు దొరుకుతాయి. గీత ఎక్కడ గీసుకోవాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం దగ్గర. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, ఏడో తరం ల్యాప్‌టాప్ ఎంత మెరుస్తున్నా ఎంత చవకైనా వదిలేయాలి. ఉదాహరణకి థింక్‌ప్యాడ్ టీ480లో ర్యామ్‌కి రెండు స్లాట్లు, లోపల ఒక బ్యాటరీ, బయట మార్చుకునేది ఇంకో బ్యాటరీ ఉంటాయి, కరెంట్ పోయే ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? అది యూ చిప్పే, పెద్ద ప్రాజెక్టులు మోయదు, కానీ ట్రాక్ మీద గొంతు తీసి మిక్స్ చేసే పనికి, అడ్డం వచ్చిన ట్రాకుల్ని ఫ్రీజ్ చేసుకుంటూ, అంటే ముందే లెక్కగట్టి ఆడియోగా మార్చి పెట్టుకుంటూ పోతే, ఇంకా చాలా పాటలు చేసిపెడుతుంది. మిగిలిన డబ్బుతో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కొనుక్కోవచ్చు, చిన్న సంపాదనవాళ్లకి అది 60 డాలర్లే. ఎఫ్‌ఎల్ స్టూడియో ఒకసారి కొంటే అప్‌డేట్లు ఎప్పటికీ ఉచితం. క్రాక్ వెర్షన్లతో వచ్చే చెత్త వెనకాల కూర్చుని చిప్‌ని తింటుంటే ‘ఠప్’ ఎక్కడి నుంచి వస్తోందో లేటెన్సీమాన్ కాదు కదా, ఎవరూ చెప్పలేరు.

కొనే ముందు చూసేవి ఇంకో రెండున్నాయి. ఒకటి సర్వీస్. ఆన్‌సైట్ వారంటీ అని రాసి ఉన్నంత మాత్రాన మనిషి కాశీనగర్ దాకా వస్తాడని కాదు, కంపెనీ సైట్లో పిన్‌కోడ్ కొట్టి చూడాలి, రాకపోతే పట్టుకుని వెళ్లాల్సింది బరంపురమా, విశాఖా, ఎన్ని రోజులు పని ఆగుతుందో లెక్కేసుకోవాలి. వినాయక చవితికి ముందో, బరంపురంలో జరిగే ఠాకురాణీ యాత్రకి ముందో పది రోజులు ల్యాప్‌టాప్ లేకపోతే ఆ నష్టం ఐ5కీ ఐ7కీ మధ్య తేడా కన్నా ఎక్కువే. రెండోది, సొంత పరీక్ష. రీపర్‌ని పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్‌గా పెట్టుకుని, చేసిన పాటల్లో అన్నిటికన్నా బరువైన ప్రాజెక్ట్ ఒకటి అందులో వేసుకుని షాపుకి వెళ్లొచ్చు. ఇన్‌స్టాల్ చేయనివ్వనంటే ఇది ఇన్‌స్టాల్ కాదని చెప్పొచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే రిటర్న్ గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, పెట్టె విప్పిన రోజే సౌండ్ కార్డ్ తగిలించి, బఫర్ 128 పెట్టి, వైఫై వేసి ఒకసారి, ఆపి ఒకసారి, చార్జర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి, ఫ్యాన్ మోగేదాకా ఆ పాటని తిప్పి తిప్పి వినాలి. మధ్యాహ్నం రెండింటికి, తలుపులు మూసి.